హానోవరు నగరపు కంప్యూటరు పత్రిక

జర్మనీ దేశములో ఉత్తరభాగమున హానోవరు అను నగరమున్నది. 1949లో హైన్జ్ హైజె అను ఆయన అక్కడ ఒక ప్రచురణ సంస్థను స్థాపించినాడు. ఆ సంస్థ అచ్చువేసినవి మొదట శాస్త్ర గ్రంథములు కావు. ఊళ్ళలోని వారి చిరునామాల పుస్తకములు, టెలిఫోను డైరెక్టరీలు. ఎవరి ఇంటి నంబరు ఎంత అన్నది తప్పు లేకుండ అచ్చువేయుటయే వారికి తెలిసిన విద్య. ఒక్క అంకె తారుమారైనా ఎవరో ఒకరు ఫోను చేసి నిలదీయుదురు గదా! ఈ అలవాటు తరువాత వారికెంతగా అక్కరకు వచ్చినదో ముందు చూతుము.

1977లో ఆ సంస్థ 'ఎల్రాడ్' అను ఎలెక్ట్రానిక్సు మాసపత్రికను ఆరంభించినది. ఇంటిలో కూర్చుండి రేడియోలు, ఆంప్లిఫయర్లు తయారుచేసుకొను ఔత్సాహికులు దాని పాఠకులు. కొన్నాళ్ళకు అందులో 'కంప్యూటింగ్ టుడే' అను పేరుతో ఒక శీర్షిక వెలువడసాగినది. ఆ శీర్షికే పెరిగి, తల్లినుండి విడివడి, 1983 డిసెంబరు సంచికతో స్వతంత్ర పత్రిక అయినది. పాత శీర్షికలోని రెండు మాటల మొదటి అక్షరములు మాత్రము మిగిలి, నడుమ ఒక లోపచిహ్నముతో, 'సీ'టీ' అను పేరు ఏర్పడినది. జర్మనులు దానిని 'ట్సే-టే' అని పలుకుదురు. తొలి సంపాదకుడు క్రిస్టియాన్ పెర్సన్. పేరు క్రింద 'కంప్యూటరు సాంకేతిక విద్యకు పత్రిక' అని అర్థమిచ్చు జర్మను మాటలుండును. తల్లి పత్రిక 1990ల చివర ఆగిపోయినది. పిల్ల నేటికిని నడచుచున్నది.

జర్మను భాషలో ఇట్టి పత్రిక ఇదే మొదటిది కాదు. 1978లోనే వుర్జ్‌బుర్గ్ నగరమునుండి 'చిప్' వెలువడినది. 1981లో మ్యూనిక్ ప్రాంతమునుండి 'ఎమ్‌సీ' వచ్చినది. 1984లో, ఆనాడు ఇంటింటా చేరిన కొమొడోర్ 64 అను చిన్న యంత్రమునకే అంకితమై, '64-అర్' అను మాసపత్రిక పుట్టినది. ఇన్నింటి నడుమ ఒక కొత్త పత్రికను జనము ఎందుకు కొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము పత్రికలో కంటె దాని పాఠకులలో వెదకవలసియున్నది.

ఆనాటి పాఠకుని పరిస్థితిని కొంచెము ఊహింతము. యంత్రము కొన్నాడు. దానితో చేయించుటకు పని లేదు. ప్రోగ్రాములు దుకాణములో కొనవలెనన్న ఖరీదు ఎక్కువ, దొరకునవి తక్కువ. ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు తంతి మీద పంపుకొను సౌకర్యము నూటికొకనికి కూడ లేదు. అందుచేత పత్రికలు ప్రోగ్రామును కాగితముపైననే అచ్చువేసెడివి. పాఠకుడు దానిని చూచి, ఒక్కొక్క అక్షరమే మీటలపై కొట్టి, యంత్రములో ఎక్కించవలెను. వందల వరుసలు, కొన్నిచోట్ల అర్థములేని అంకెల బారులు. రెండు రాత్రులు కూర్చుండి కొట్టిన పిదప నడిపించిచూడగా తెర నల్లబడి ఊరకుండును. తప్పెక్కడ?

ఈ తప్పును పట్టుకొనుటకు పత్రికలు కనిపెట్టిన ఉపాయము మన ఉన్నత పాఠశాల గణితమునకు అందునదే. '64-అర్' పత్రికలో ప్రతి వరుస చివర ఒక చిన్న అంకె అచ్చుపడి ఉండెడిది. పాఠకుడు మొదట ఒక చిన్న పరీక్షా ప్రోగ్రామును యంత్రములో ఎక్కించుకొనవలెను. ఆపైన ఒక్కొక్క వరుస కొట్టినపుడెల్ల యంత్రము తానుగా లెక్క వేసి ఒక అంకెను తెరపై చూపును. అచ్చులోని అంకెతో అది సరిపోయినచో ముందుకు సాగవలెను; లేనిచో ఆ వరుసను మరల కొట్టవలెను.

లెక్క ఎట్టిది? ఒక ఉదాహరణము తీసుకొందము. పాఠకుడు 169, 0, 141, 32, 208 అను అయిదు అంకెలను కొట్టవలసియున్నదనుకొనుడు. ఇవి పైకి అర్థములేనివిగా కనిపించినను, కొమొడోర్ 64 ప్రాసెసరుకు ఇవి ఆజ్ఞలు. 'సున్నను చేతిలోనికి తీసుకొనుము. దానిని 53280వ గదిలో పెట్టుము' అని వీని భావము. 208ని 256తో గుణించి 32 కలిపినచో 53280 వచ్చును. ఆ గదిలో ఉండు అంకె తెర అంచుల రంగును నిర్ణయించును; సున్న అనగా నలుపు. ఇపుడు అయిదు అంకెలను కూడినచో 550. దానిని 256తో భాగించగా శేషము 38. పత్రిక ఈ 38ని వరుస చివర అచ్చువేయును. పాఠకుడు 32కు బదులు 23 కొట్టినచో మొత్తము 541 అగును, శేషము 29. తప్పు బయటపడినది.

కాని ఈ కూడికకు ఒక లోపమున్నది. పాఠకుడు 141, 32 అను రెంటిని ఒకదాని స్థానమున ఒకటి కొట్టినాడనుకొనుడు. మొత్తము మారదు, శేషము అదే 38. తప్పు చల్లగా జారిపోవును. కంటితో చూచి చేతితో కొట్టువారు తరచుగా చేయు పొరపాట్లలో స్థానములు మార్చుట ఒకటి. దీనికి మందు ఏమనగా, మొదటి అంకెను 1తో, రెండవదానిని 2తో, మూడవదానిని 3తో, ఇట్లే వరుసగా గుణించి కూడుట. అపుడు సరియైన వరుసకు మొత్తము 1760, శేషము 224. తారుమారైన వరుసకు మొత్తము 1869, శేషము 77. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించి, ఏ తప్పును ఈ రెండవ పద్ధతి కూడ పట్టలేదో విద్యార్థులనే వెదకమన్నచో ఒక గంట ఇట్టే గడచును. పుస్తకముల వెనుక ముద్రించు సంఖ్యలలోని చివరి అంకె కూడ ఈ జాతిదే.

హానోవరు పత్రిక కూడ ప్రోగ్రాములను అచ్చువేసినది; కాని దాని పాఠకులు అంతటితో తృప్తిపడువారు కారు. వారు ఎల్రాడ్ నుండి వచ్చినవారు. చేతిలో టంకపు కడ్డీ ఉన్నవారు. వారికి యంత్రమును కొనుట కంటె కట్టుట మీద మక్కువ. అందుచే పత్రిక యంత్రమునే పాఠముగా ఇచ్చినది. ఇంటెల్ సంస్థ వారి 8086 ప్రాసెసరు ఆధారముగా 'సీ'టీ 86' అను కంప్యూటరును రూపొందించి, దాని నిర్మాణమును పుటలలో వివరించినది. 100 మిల్లీమీటర్ల వెడల్పు, 160 మిల్లీమీటర్ల పొడవు గల బోర్డులు. వీనికి 'యూరప్ కార్డు' అని పేరు. ఒక బోర్డుపై ప్రాసెసరు, మరొకదానిపై మెమరీ, ఇంకొకదానిపై డిస్కు నడుపు వలయము. అన్నింటిని వెనుక ఒక తంతుల వరుసకు తగిలించవలెను.

ఇట్టి పని చేసిన పాఠకుడు పత్రికతో ఏ సంబంధము పెట్టుకొనునో గమనింపుడు. బొమ్మలో ఒక గీత తప్పుగా పడినచో అతని జేబులోని డబ్బుతో కొన్న ప్రాసెసరు కాలిపోవును. అతడు మిన్నకుండడు. ఉత్తరము వ్రాయును, ఫోను చేయును. పత్రిక వారు పని దినములలో మధ్యాహ్నము ఒక గంట సేపు సంపాదకవర్గమే స్వయముగా ఫోను ఎత్తి పాఠకుల ప్రశ్నలకు బదులిచ్చు ఏర్పాటు చేసినారు. ఫోనులో సంభాషించుటకు యంత్రములకు కూడ ఒక 'మెయిల్‌బాక్సు' పెట్టినారు. టెలిఫోను డైరెక్టరీలు వేసిన ఇంటిలో పెరిగిన పత్రికకు ఫోను గంట అంటే భయము లేదు కాబోలు!

పత్రిక భాషను గురించి కూడ ఒక మాట చెప్పవలెను. జర్మనులు కంప్యూటరు, సాఫ్టువేరు అను ఆంగ్లపదములను సంకోచము లేకుండ తీసుకొన్నారు. అయినను గట్టి డిస్కును 'ఫెస్ట్‌ప్లాటె' అందురు. స్థిరమైన పలక అని అర్థము. మెమరీకి 'ఆర్బైట్స్‌ష్పైషర్', పని జరుగు కొట్టు అని. తెరకు 'బిల్డ్‌షిర్మ్'. ఇవి ఏదో సంఘము కూర్చుండి తయారుచేసిన జాబితాలలోనే మిగిలిపోలేదు. వాడుకలోనికి వచ్చి, ఇట్టి పత్రికల పుటలలో నలిగి, దుకాణములలో వినిపించు మాటలయినవి. తెలుగులో పారిభాషిక పదముల కొరకు మనము పడుచున్న తిప్పలను తలచుకొన్నపుడు ఇది నాకు కొంత అసూయ కలిగించును. అయితే దీనికి వేరొక ముఖము కూడ ఉన్నది. జర్మను చదువలేని వారికి ఈ పత్రికలోని పరిశోధన ఎంతో కాలము అందలేదు. ఇదే పని అమెరికాలో ఆంగ్లమున జరిగియున్నచో ఈ పేరు మనకందరికి ఏనాడో తెలిసియుండెడిది.

1981లో ఐబీఎమ్ సంస్థ వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినది. కొన్ని సంవత్సరములకే దాని నకళ్ళు తైవాను మొదలగు దేశములనుండి చౌకగా రాసాగినవి. బోర్డులు తయారుగా దొరకుచుండగా ఎవరు కూర్చుండి టంకము పెట్టుదురు? కట్టువాడు కొనువాడైనాడు. పైగా హానోవరు నగరమే వర్తకమునకు కేంద్రమయినది. 1986లో అక్కడి పారిశ్రామిక ప్రదర్శననుండి విడివడి 'సీబిట్' అను కంప్యూటరు ప్రదర్శన వేరుగా ఆరంభమైనది. ప్రపంచములోనే మిక్కిలి పెద్దదిగా పెరిగినది. పత్రిక పుటలలో ప్రకటనలు వరదవలె వచ్చినవి. సంచికలు లావెక్కినవి. 1997 అక్టోబరునుండి మాసపత్రిక పక్షపత్రిక అయినది.

ఇక్కడ ఒక చిక్కున్నది. ప్రకటనలతో బ్రతుకు పత్రిక ప్రకటన ఇచ్చినవాని సరుకును నిజాయితీగా పరీక్షించగలదా? ఎన్నో పత్రికలు ఈ రాయి తగిలి పడినవే. హానోవరు పత్రికకు ఒక అనుకూలత ఉన్నది: దాని ప్రతులలో అత్యధిక భాగము చందాదారులకే పోవును. అంగడిలో అట్ట చూచి కొనువాడు రేపు వేరొక అట్ట చూచి దానిని కొనును. చందాదారుడు అట్లు కాదు. సంవత్సరముల తరబడి చదివి, నిరుడు వ్రాసినదానిని నేడు వ్రాసినదానితో పోల్చును. అతని నమ్మకము పోయినచో ప్రకటనలు కూడ పోవును. జర్మనీలో పత్రికల ప్రతుల లెక్కను సరిచూచుటకు 1949నుండియు ఒక ఉమ్మడి సంస్థ కలదు. ప్రకటనదారులు దాని లెక్కనే చూతురు. ఈ పత్రిక ప్రతులు ఒకప్పుడు మూడు లక్షలు దాటినవి.

కట్టుట మానిన పాఠకునికి పత్రిక చేసిన సేవ ఏమిటి? అతడు విప్పలేని పెట్టెను అతని బదులు తాను విప్పుట. దీనికి 1995నాటి ఒక వృత్తాంతము మంచి సాక్ష్యము. ఆ సంవత్సరము విండోసు 95 విడుదలైనది. దానికి మెమరీ ఎక్కువ కావలెను. మెమరీ ధరలు మండిపోవుచున్నవి. అపుడు అమెరికాలో సింక్రొనిస్ అను సంస్థ 'సాఫ్ట్‌ర్యామ్' అను ప్రోగ్రామును అమ్మసాగినది. ఖరీదు సుమారు 30 డాలర్లు. 'మెమరీలోని సమాచారమును నొక్కి కుదించి, ఉన్న మెమరీని రెట్టింపు చేయును' అని వారి మాట. ఆరు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. యంత్రములో ఎక్కించినవారికి తెరపై 8 మెగాబైట్లకు బదులు 16 అని నిజముగానే కనిపించెడిది!

హానోవరు సంపాదకులు తెరపైని అంకెను నమ్మలేదు. ప్రోగ్రామును విప్పి, యంత్రపు అంకెలను మరల ఆజ్ఞలుగా మార్చి, ఒక్కొక్కటే చదివినారు. సమాచారమును కుదించు పని ఎక్కడను జరుగుటలేదు. డిస్కుపై మెమరీకి తోడుగా వాడుకొను స్థలమును విండోసు ముందే ఏర్పాటు చేసుకొనును. కావలసినపుడు మెమరీలోని కొంత భాగమును అక్కడికి దింపి మరల తెచ్చుకొనును. సాఫ్ట్‌ర్యామ్ చేసినది ఏమనగా ఆ స్థలమునకు సంబంధించిన అంకెలను పెంచి చూపుట. డిస్కు వేగము మెమరీ వేగములో ఎన్నో వేల వంతులు తక్కువ. కనుక లాభమేమియు లేదు. అమెరికాలో కూడ కొందరు నిపుణులు ఇదే సంగతిని స్వతంత్రముగా బయటపెట్టినారు. 1996లో ఆ దేశపు వాణిజ్య కమిషను ముందు ఆ సంస్థ తన ప్రకటనలను మానుకొనుటకు ఒప్పుకొనవలసివచ్చినది. రోగికి చక్కెర గోలీ ఇచ్చి 'నయమైనదా?' అని అడుగు వైద్యునివంటిది ఈ సరుకు. కొందరు కొనుగోలుదారులు యంత్రము వేగముగా నడచుచున్నదనియే నమ్మినారు!

1998లో జరిగినది మరింత ముచ్చటైనది. జర్మనీలో ఇంటర్నెట్టు సౌకర్యమిచ్చు సంస్థలలో టీ-ఆన్‌లైన్ పెద్దది. దాని ప్రోగ్రాము వాడుకరి రహస్యపదమును డిస్కుపై దాచుకొనెడిది. గూఢలిపిలోనే దాచినను ఆ గూఢలిపి బలహీనమైనది. పదహారేళ్ళ వయస్సు గల ఇద్దరు విద్యార్థులు దీనిని కనిపెట్టినారు. వారు ఉపయోగకరమైన ఒక చిన్న ప్రోగ్రామును తయారుచేసి ఉచితముగా పంచినారు. దానిని వాడుకొనదలచినవారు పేరు నమోదుచేసుకొనగానే, వారికి తెలియకుండ దాచిన రహస్యపదము కూడ ఆ విద్యార్థులకు చేరిపోయెడిది. వందల కొలది పదములు వారి చేతికి వచ్చినవి. వారు వానితో ఒక్క మార్కు కూడ దొంగిలింపలేదు. సాక్ష్యముతో హానోవరు పత్రిక వద్దకు వెళ్ళినారు. పత్రిక సంగతిని పరిశీలించి ప్రకటించినది. వారు చేసిన పద్ధతి సరియైనదా అన్నది వేరు చర్చ. అడుగకుండ ఇతరుల రహస్యములను రాబట్టుట నేను విద్యార్థులకు ఉపదేశించను. కాని వారు ఆ వయస్సులో పోలీసు వద్దకో, ఆ సంస్థ వద్దకో గాక తాము చదువు పత్రిక వద్దకు పోవుట ఆలోచింపదగిన విషయము.

పత్రిక పాఠకులను పిలిచి పని చేయించిన సందర్భములు కూడ ఉన్నవి. 1997 మార్చిలో సీబిట్ ప్రదర్శనలో అట్టిది ఒకటి మొదలైనది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అను అమెరికన్ ఇచ్చిన 'పీజీపీ' అను ప్రోగ్రాముతో ఉత్తరములను గూఢలిపిలో పంపవచ్చును. ఇందులో ప్రతి మనిషికి రెండు తాళపుచెవులు: ఒకటి అందరికి పంచునది, రెండవది తనవద్దనే దాచుకొనునది. పంచిన చెవితో మూసినది దాచిన చెవితోనే తెరచుకొనును. ఇంతవరకు బాగున్నది. కాని 'ఇది సుబ్బయ్యగారి చెవి' అని నాకు వచ్చినది నిజముగా సుబ్బయ్యగారిదేనా, లేక ఆయన పేరు పెట్టుకొన్న మోసగానిదా? గణితము ఈ ప్రశ్నకు బదులు చెప్పలేదు. ఎవరో ఒకరు మనిషిని ముఖాముఖి చూడవలసినదే. పాఠకులు గుర్తింపు కార్డులను, తమ చెవి ముద్రను కాగితముపై వ్రాసుకొని వచ్చినారు. పత్రికవారు కార్డును చూచి, ముఖమును చూచి, తరువాత ఆ చెవిపై తమ సంతకము చేసినారు. ఈ కార్యక్రమము ఎన్నో సంవత్సరములు సాగినది.

ఇదంతయు చూచి పత్రిక అందరిదీ అనుకొనరాదు. దాని పాఠకులలో పురుషులే అత్యధికులు; ఇంజనీర్లు, ప్రోగ్రాములు వ్రాయువారు, కార్యాలయములలో యంత్రములను చూచుకొనువారు. వ్యాసములు కఠినము. మొదటిసారి చేతికి తీసుకొన్న విద్యార్థికి సగము అర్థము కాదు. దీనిని లోపమనవచ్చును, కాని అర్థమగుట కొరకు రెండేళ్ళు పట్టుబట్టి చదివి, తరువాత అదే వృత్తిలోనికి పోయినవారు జర్మనీలో ఎందరో ఉన్నారు. కొనువాడు మోసపోయిన సంగతులకు ఒక ప్రత్యేక శీర్షిక కలదు. 'జాగ్రత్త, ఖాతాదారు!' అని దాని పేరు. పాఠకుని ఫిర్యాదును తీసుకొని, వర్తకుని పక్షము కూడ అడిగి, రెంటిని అచ్చువేయుదురు. పత్రికవారి ఉత్తరము చేరిన పిదప మరమ్మతు చురుకుగా జరుగుట అందులో తరచుగా కనిపించును.

ఈ పత్రిక పుటలనుండి చివరిసారిగా ఒక యంత్రము పాఠకుల బల్లలపైకి వచ్చినది 2006లోనన్నచో అతిశయోక్తి అగును గాని, ఆ సంవత్సరపు 'సీ'టీ-బాట్' పాత రోజులను గుర్తు చేసినది. రెండు చక్రముల చిన్న రోబోటు. అంచులను, అడ్డములను కనిపెట్టు సాధనములు దానికున్నవి. టంకము పెట్టలేనివారు కంప్యూటరు తెరపైననే దానిని నడపిచూచుటకు ఒక ప్రోగ్రాము కూడ ఇచ్చినారు. క్రిములు పట్టిన విండోసు యంత్రమును బయటినుండి ఆరంభించి శుద్ధిచేయు డిస్కును కూడ పాఠకులకు ఇచ్చుచు వచ్చినారు. బంధువుల ఇండ్లలో కంప్యూటరు చెడినపుడెల్ల పిలుపు వచ్చునది ఈ పాఠకునికే. అతనికి ఈ డిస్కు మంత్రసాని సంచివంటిది.

అచ్చుపత్రికలకు కష్టకాలము వచ్చినది. అమెరికాలో ఎంతో పేరుపొందిన 'బైట్' అచ్చుపత్రిక 1998లో ఆగిపోయినది. 'ఎమ్‌సీ', '64-అర్' 1990లలోనే ముగిసినవి. హానోవరు సంస్థ 1996లోనే ఇంటర్నెట్టులో ఉచిత వార్తలను ఆరంభించి, తన పత్రికకు తానే పోటీ తెచ్చుకొన్నది. ప్రతుల సంఖ్య క్రమముగా తగ్గినది. అయినను 2023లో పత్రికకు నలుబది ఏండ్లు నిండినవి.

2018 జనవరిలో ప్రాసెసర్లలోని ఒక మౌలిక దోషము లోకమునకు తెలిసినది. వేగము కొరకు ప్రాసెసరు రాబోవు ఆజ్ఞను ఊహించి ముందే పని చేసియుంచుకొనును. ఊహ తప్పినచో ఆ పనిని చెరిపివేయును. కాని చెరిపిన జాడ దగ్గరి మెమరీలో కొంత మిగులును. దానిని బట్టి ఇతరుల రహస్యములను చదువవచ్చును. దీనికి 'స్పెక్టర్' అని పేరు పెట్టినారు. అందరు మరమ్మతు అయినదనుకొనుచుండగా, మే 3వ తేదీన హానోవరు పత్రిక ఇంటెల్ ప్రాసెసర్లలో అదే జాతికి చెందిన మరి ఎనిమిది దోషములు కనుగొనబడినవని ప్రకటించినది. అదే నెలలో ఇంటెల్ సంస్థ రెండు కొత్త దోషముల వివరములను తానే బయటపెట్టినది. ఆ వేసవిలో సీబిట్ ప్రదర్శన చివరిసారి జరిగినది. దానితో ఎదిగిన పత్రిక మాత్రము పక్షమునకొకసారి చందాదారుల తపాలా పెట్టెలలో పడుచునేయున్నది.